సున్నం పూసిన రాళ్ళు

దొరసాని చనిపోయిన కబురు నాకు కర్నూల్లో, మిషన్ ఆసుపత్రిలో తెలిసింది. కంట్లో వేసుకునే మందు కోసం వరసలో నిలబడి ఉంటే, ఒకప్పుడు దొరసాని వెంట నన్ను చూసిన అక్కడి తెల్ల డాక్టరమ్మ గుర్తుపట్టి దగ్గరకు వచ్చి చెప్పింది. చలికాలంలో, తన సొంత ఊళ్ళోనే, నిమోనియా వచ్చి పోయిందట. వాళ్ళ చలికాలంలో పోయిన మనిషి కబురు మాకు తొలకరి వానలతోపాటు వచ్చింది. నేను "అట్లనా" అన్నాను. మందు సీసా తీసుకుని నేరుగా నేను పనిచేసే బడికి వెళ్ళాను. రెండు క్లాసులకు పాఠం కూడా చెప్పాను. మూడో క్లాసులో బోర్డు వైపు తిరిగి, ఏం రాయబోతున్నానో గుర్తురాక, సుద్దముక్క పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. పిల్లలు నవ్వుతున్నారు, నేను వాళ్ళను కసరలేదు.

మనవాళ్ళెవరైనా పోతే ఏం చేయాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ఇంటికి వెళతాం, వాకిట్లో కూర్చుంటాం, ఎట్లా జరిగిందని అడుగుతాం, వాళ్ళు చెప్పిందే మళ్ళీ చెబుతుంటే వింటాం. మరి ఈమె కోసం నేను ఎవరింటికి వెళ్ళాలి? ఈమె నాకు ఏమవుతుందని చెప్పాలి? ఒక వానాకాలం మా ఇంట్లో ఉండి పోయిన మనిషి. మా ఊరికి మేలు చేసిందో కీడు చేసిందో ఇన్నేళ్ళైనా నేను తేల్చుకోలేదు. పలకరించడానికి ఇల్లు లేక మీకు చెబుతున్నాను. ఇందులో నాకే అర్థం కానివి చాలా ఉన్నాయి కాబట్టి కాస్త ఓపిక పట్టాలి.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో వచ్చింది దొరసాని. అప్పుడు కర్నూలంతా గుడారాలే. ఆఫీసులు గుడారాల్లో, గుమాస్తాలు గుడారాల్లో. మా ఊరు ఓర్వకల్లు పక్కన రాళ్ళగుట్టల నడుమ ఉంటుంది. నేను టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగం ఆర్డరు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చుని, మా అవ్వ చేత రోజూ తిట్లు తింటున్నాను. ఒకరోజు మా నాయన కర్నూలు నుంచి వస్తూ జీపులో ఒక తెల్లావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, పొడుగ్గా, ముఖమంతా ఎండకు కమిలి ఉంది. "ఈయమ్మ మనింట్లో ఉంటాది. నీకు ఇంగ్లీషు వస్తాది గదా పాపా, ఈయమ్మ ఎంట తిరుగు" అన్నాడు నాయన నాతో. ఊరంతా మా వాకిట్లో చేరింది. దొరలు మళ్ళీ వచ్చారా అని ఒకాయన మా నాయనను గుసగుసగా అడిగాడు కూడా.

ఎందుకు వచ్చిందో చెప్పడానికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. పక్షులను గురించి పరిశోధన చేసే పండితులు కొందరు, వాళ్ళ దేశం వాళ్ళూ మన మద్రాసు వాళ్ళూ కలిసి, మన సీమలో తగ్గిపోతున్న పిట్టలు ఎట్లా బతుకుతున్నాయో తెలుసుకోవాలని బయలుదేరారు. పెద్ద పండితులు కడప వైపు కొండల్లో గుడారాలు వేసుకున్నారు. వాళ్ళు వెతికే పిట్టను బతికున్నవాళ్ళెవరూ చూడలేదట, అసలు ఉందో లేదో కూడా తెలియదట. దొరసానిని మా వైపు బీళ్ళలో తిరిగే బట్టమేక అనే పెద్ద పిట్ట కోసం పంపారు. ఆమె పండితురాలేం కాదు. తన ఊళ్ళో పోస్టాఫీసులో స్టాంపు బిళ్ళలు అమ్మేది. ఉద్యోగం మానుకుని, కూడబెట్టుకున్నది ఖర్చు పెట్టుకుని, జీతం లేకుండా ఈ పనికి వచ్చింది. "నేను వాలంటీర్ను" అని చెప్పుకుంది.

వాలంటీరు అంటే మా ఊళ్ళో అందరికీ తెలుసు. కాంగ్రెసు సభల్లో టోపీ పెట్టుకుని, గుండెకు గుడ్డముక్క కుట్టుకుని, మంచినీళ్ళు పోసే పిల్లలు. ఈ వయసులో ఈమె అంత దూరం నుంచి ఎవరికి నీళ్ళు పోయడానికి వచ్చిందో ఎవరికీ అంతుబట్టలేదు. మా అవ్వ చాలాసేపు ఆలోచించింది.

"జీతం లేదంటివి."

"లేదవ్వా."

"దుడ్లు ఎదురు పెట్టుకోని వచ్చ్యా?"

"అవునవ్వా."

"ఏం తప్పు చేసిందో ఏమో పాపం. వాళ్ళ రాజు ఈడికి తోలినాడు" అని అవ్వ తేల్చేసింది. ఆ మాట నేను దొరసానికి చెబితే పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. "జీతం లేదు కాబట్టి నన్ను పనిలోంచి ఎవరూ తీసెయ్యలేరు, ఆ సంగతి మీ అవ్వకు చెప్పు" అంది. ఆ మాట ఆమె తర్వాత కూడా చాలాసార్లు అనేది.

వచ్చిన మర్నాడే ఇంకో గందరగోళం జరిగింది. పిట్ట పేరును మద్రాసులో ఎవరో ఆమెకు కాగితం మీద రాసిచ్చారు. ఆమె ఊళ్ళో కనిపించిన ప్రతివాడినీ ఆపి, "బట్ట, మేక? బట్ట, మేక?" అని విరిచి విరిచి అడిగింది. సాయంత్రానికి మా వాకిట్లో ఒకాయన చీరల మూటతో, ఇంకొకాయన రెండు మేకలతో నిలబడి ఉన్నారు. మేకలాయన వాటి పళ్ళు కూడా తెరిచి చూపించాడు. దొరసాని ఆ మేకలను చూసి, నన్ను చూసి, తన కాగితాన్ని చూసుకుంది. మా నాయన అరుగు మీద పడి నవ్వాడు. ఆ రోజు నుంచి ఆమె ఒక్క మాటను పట్టుకుని నాచేత పదిసార్లు పలికించుకునేది.

ఆమె అలవాట్లు మా ఇంటికి ఒక పట్టాన పడలేదు. నీళ్ళిస్తే థాంక్స్ అనేది, రొట్టె పెడితే థాంక్స్ అనేది, కుక్కను అదిలిస్తే థాంక్స్ అనేది. "నీళ్ళిచ్చినా ఏమో అంటాది, నేనేం తప్పు చేస్తి?" అని మా అవ్వ నొచ్చుకునేది. మనలో ఆ మాట లేదు కదా. పెట్టినవాళ్ళు పెడతారు, తిన్నవాళ్ళు తింటారు. నేనా సంగతి చెబితే దొరసాని "మరి మీకు లోపల అనిపించినప్పుడు ఏం చేస్తారు?" అని అడిగింది. ఏం చేస్తామో నేనెప్పుడూ ఆలోచించలేదు. పంచో తువ్వాలో పెడతారు పెద్దవాళ్ళు, అన్నాను ఏదో ఒకటి చెప్పాలని.

జొన్నరొట్టె విరిచి ఊరిమిండి కారం అద్దుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, ఇంకొంచెం వేయమనేది. తుంపర పడితే గొర్రెలకాపరుల మాదిరి గొంగడిని కొప్పు చేసి తలమీదుగా వేసుకునేది. తెల్లారకముందే నన్ను లేపి బీడుకు తీసుకుపోయేది. ఒక కంపచెట్టు చాటున కూలబడితే ఇక కదిలేది కాదు. నాకు కాళ్ళు తిమ్మిరెక్కేవి, చీమలు కుట్టేవి. వెళ్దాం పదండి అంటే, తనకొచ్చిన తెలుగులో, "చూసేది కూడా పని" అనేది.

అట్లా చూడగా చూడగా ఒక పొద్దున బట్టమేక కనిపించింది. గడ్డిలోంచి పొడుగాటి తెల్లమెడ లేచింది. తలమీద నల్లటి టోపీ. ఎక్కడికో పెళ్ళికి పోతున్న పెద్దమనిషి నడక. పుట్టినప్పటి నుంచి ఆ ఊళ్ళో ఉన్నా అంత దగ్గరగా నేనూ చూడలేదు. మాకు తెలిసిందల్లా, జీపుల్లో తుపాకులతో వచ్చే పెద్దమనుషులు వాటిని కొట్టుకుపోతారని. దొరసాని దుర్బీను దించి నా చేతికిచ్చింది. గొంగడి అంచుతో కళ్ళు తుడుచుకుంది. సంతోషమైతే నవ్వాలి గానీ ఈమె ఎందుకు ఏడుస్తోందా అనుకున్నాను. దుర్బీనులోంచి చూశాక మాత్రం నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను.

కొన్నాళ్ళకు గుడ్డు దొరికింది. బీడును ఆనుకుని మద్దిలేటి మామ చేను ఉంది. మామ అంటే మాకు చుట్టమేం కాదు, ఊరి వరస. ఆ చేని నడుమ, గూడూ గీడూ లేకుండా, వట్టి నేలమీద ఒకే ఒక గుడ్డు. ఆ పక్షి ఏడాదికి పెట్టేది అదొక్కటేనని దొరసాని చెప్పింది. అది పొదిగి పిల్ల అయ్యేదాకా ఎవరూ తొక్కకూడదు, విత్తే గొర్రు తగలకూడదు. ఇద్దరం కలిసి నాలుగు పెద్ద రాళ్ళు దొర్లించుకొచ్చి, గుడ్డుకు బాగా ఎడంగా నాలుగు మూలలా పెట్టాం. దూరం నుంచి కనపడాలని వాటికి సున్నం పూశాం. సున్నం మా అవ్వే గోడలకు పూయగా మిగిలింది ఇచ్చింది.

మామ ఊళ్ళో లేడు, ఎద్దు కొనడానికి పశువుల పరసకు పోయాడు. ఆయన భార్య ఈరమ్మత్త గట్టున పుల్లలు ఏరుకుంటోంది. "అత్తా, ఈడ పిట్ట గుడ్డుండాది. ఈ రాళ్ళ లోపల మాత్రం దున్నొద్దని మామకు చెప్పు" అన్నాను. ఈరమ్మత్త రాళ్ళ వైపు చూసింది, దొరసాని వైపు చూసింది. "చెప్తాలే పాపా" అంది.

ఇంకో వారానికి మంచి వాన పడింది. మెట్టసేద్యం చేసే ఊళ్ళో అటువంటి వాన పడితే ఇంట్లో పిల్లి కూడా ఉండదు. పదును మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఆలోపల విత్తనం నేలలో పడాలి. పడకపోతే ఆ ఏడు అంతే. పొద్దున్నే మేం వెళ్ళేసరికి ఏ చేను చూసినా గొర్రు, ఏ గట్టు చూసినా సద్దిమూట. మద్దిలేటి మామ చేను మాత్రం కదలకుండా పడి ఉంది. ఆయన గట్టుమీద గొంతుకూర్చుని బీడీ తాగుతున్నాడు. కొత్త ఎద్దు, పాత ఎద్దు పక్కనే గడ్డి మేస్తున్నాయి. దొరసాని దూరం నుంచి చెయ్యి ఊపింది. ఆయన లేచి, తలగుడ్డ తీసి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

మర్నాడూ అంతే. ఆమె చెయ్యి ఊపడం, ఆయన దండం పెట్టడం. "ఎంత మర్యాద" అంది దొరసాని. "నేను కొంచెం చోటు వదలమన్నాను, ఈయన చేనంతా వదిలేశాడు. మా దేశంలో ఒక పిట్ట కోసం ఎవరైనా చేను వదులుతారా?" నాకు తల తిరిగింది. ఇక్కడ మాత్రం ఎవరు వదులుతారు? కొత్త ఎద్దు కాడికి అలవాటు పడలేదేమో, లేకపోతే విత్తనం దొరకలేదేమో అని నాలో నేను ఏవేవో అనుకున్నాను. ఆ సాయంత్రమే ఒక ఆసామి మా ఇంటికొచ్చి, "ఏమప్పా, మా గుట్టకింద చేనికి కూడా ఆయమ్మతో రాళ్ళేపిస్తావా?" అని మా నాయనను అడిగాడు. నాయన వేళాకోళం అనుకుని నవ్వి ఊరుకున్నాడు. పదును ఆరిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు పిల్ల అయింది. గుడ్డుపెంకుల రంగులోనే మచ్చలు మచ్చలుగా, కాళ్ళే ఒళ్ళంతా అన్నట్టు, తల్లి వెనకాల రాళ్ళు దాటి బీట్లోకి నడిచిపోయింది. దొరసాని నన్ను గట్టిగా పట్టుకుంది. ఆ రోజు మధ్యాహ్నమే ఓర్వకల్లుకు పోయి ఒక కొత్త తువ్వాలు కొనుక్కొచ్చింది. నేనెప్పుడో అన్న మాట గుర్తుపెట్టుకుంది. దాన్ని రెండు చేతుల మీద పరుచుకుని మద్దిలేటి మామ ఎదురుగా నిలబడి, తలవంచి, ముందుకు చాపింది. ఈరమ్మత్త కూడా అక్కడే ఉంది.

మామ తువ్వాలు అందుకోలేదు. దాన్ని చూశాడు. చేనును చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఏం పాపా, ఇంత చేనుకు ఒక తువ్వాలా?"

నాకు అర్థం కాలేదు. "ఏం చేను మామా?"

"నా చేను. సర్కారు తీసుకునె గదా. కర్నూలుకు రాజధాని వచ్చిందని అందరి భూములూ తీసుకుంటారంట. ముందర నాకే రాళ్ళేసిరి. దున్నొద్దన్న్యారంటే నేను దున్నలేదు. నేనేమన్నా ఎదురు చెప్తినా? వచ్చినప్పుడల్లా దండం పెడ్తి. కానీ దుడ్లియ్యకుండా ఒక తువ్వాలేంది పాపా?"

"అయ్యో మామా, అది పిట్ట కోసం. రాళ్ళ లోపల మాత్రమే కదా వద్దంటి. అత్తా, చెప్పలేదా నువ్వు?"

ఈరమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాళ్ళేసినారు, దున్నొద్దంట అని చెప్తి. పిట్ట కోసమని నువ్వంటే, పాపకు తెలీదులే, ఆయమ్మ ఏదో చెప్పి పాపను నమ్మించిందిలే అనుకుంటి. పిట్టకు ఎవురన్నా సున్నం రాళ్ళేస్తారా?"

"మా నాయనను అడగొచ్చు కదా మామా."

"మీ ఇంట్లో ఉండే మనిషేనాయె. ఇంగ మీ నాయనను అడిగేదేముండాది?"

ఇంతసేపూ దొరసాని చేతులు చాపుకునే ఉంది. ఆమెకు తెలుగు అంతగా రాదు గానీ ముఖాలు చదవడం వచ్చు. ఏమంటున్నాడని నన్ను అడిగింది. నేను చెప్పాను. ఆమె మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెబుతుంటే నా ఇంగ్లీషు నాకే ముల్లులా గుచ్చుకుంది. ఆమె గట్టుమీద కూలబడింది. ఇప్పుడు దున్నితే ఏమవుతుందని అడిగింది. పదును పోయింది అన్నాను. పదును అనే మాటకు ఇంగ్లీషు నాకు తట్టలేదు. తడి అన్నాను, అది కాదు. తరుణం అన్నాను, అదీ కాదు. నేలలో తడి, విత్తే వేళ, మనిషి ఆత్రం, మూడూ కలిసిన మాట అది, ఎట్లా చెప్పాలి? చివరికి మామ ఒక మట్టిగడ్డ తీసి ఆమె అరచేతిలో పెట్టి పిడికిలి మూయించాడు. తెరిస్తే పొడి. "పదును పోయ" అన్నాడు. ఆమె ఆ మాటను అట్లాగే తిరిగి అంది. ఆమె నోట తప్పు లేకుండా పలికిన తెలుగుమాట నాకు తెలిసి అదే మొదటిది.

ఆ రాళ్ళను ఆమే తవ్వి దొర్లించింది, మమ్మల్ని ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. మా అవ్వ మాత్రం, "గుడ్డు నిలిచె, పిల్లాయె. అడిగిందే జరిగె గదా, ఇంగేంటికి ఏడ్చేది?" అంది.  ఆమె వచ్చిన పని నెరవేరింది. అది నెరవేరింది ఎవరి మంచితనం వల్లా కాదు, ఒక మనిషి భయం వల్ల. అందరూ మంచివాళ్ళే. ఒక్కరు కూడా అబద్ధం ఆడలేదు. అయినా ఒక ఇంట్లో ఆ ఏడు గింజ లేకుండా పోయింది. నేను ఎవరిమీద కోపం పెట్టుకోవాలి?

కడప వైపు పండితులు తమ పిట్ట కనపడక గుడారాలు పీక్కుని మద్రాసు దారి పట్టారు. దొరసానిని కూడా రమ్మన్నారు. ఆమె పోనంది. మామతో, "ఇంకేదైనా విత్తొచ్చా?" అని నాచేత అడిగించింది. ఆలస్యంగా వాన పడితే ఉలవలు విత్తుకోవచ్చన్నాడు మామ. అయితే ఆ వాన దాకా ఉంటానంది. జీపు వచ్చి, ఖాళీగా తిరిగిపోయింది. పండితులకు కోపం వచ్చిందని తర్వాత తెలిసింది. ఏం చేయగలరు? జీతం లేని మనిషిని పనిలోంచి ఎవరు తీసెయ్యగలరు?

ఆ నాళ్ళలో ఆమె పిట్టలను చూడలేదు. రోజూ మామ చేనికి పోయి ఈరమ్మత్తతో కంప కొట్టేది, రాళ్ళు ఏరేది. ఆమెను ఆపడానికి మామ నాతో చాలాసార్లు చెప్పించాడు. "ఆయమ్మను ఇంటికి పొమ్మను పాపా, ఊరోళ్ళు నవ్వుతాండారు." ఊరు నవ్వే మాట నిజమే. దొరసాని కూలికి పోతోందని పక్క ఊళ్ళ నుంచి కూడా చూడ్డానికి వచ్చేవారు. ఈరమ్మత్తకు మాత్రం ఆమె తోడు బాగానే ఉండేది. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే పొద్దంతా మాట్లాడుకునేవారు. ఏం మాట్లాడుకుంటారత్తా అంటే, "ఏమో పాపా, ఆయమ్మ చెప్తాది, నేను ఊ అంటా" అనేది.

ఆఖరికి వాన పడింది. మామ గొర్రు పట్టాడు. ఈరమ్మత్త ఒకపక్క, దొరసాని ఒకపక్క ఒడిలో ఉలవలు పోసుకుని జడ్డిగంలో విడుస్తూ నడిచారు. జడ్డిగం గొర్రుకు పైన ఉండే చెక్కగిన్నె, అందులో వేసిన గింజ గొట్టాల గుండా సాలులో పడుతుంది. గింజ వేళ్ళ సందున సమంగా జారాలి. దొరసాని చేతికి ఆ లెక్క అందలేదు. ఒకచోట గుప్పెడు పడేది, ఒకచోట ఏమీ పడేది కాదు. మొలకలు వచ్చాక చూస్తే ఆమె నడిచిన వైపంతా గుంపులు గుంపులుగా, ఖాళీలు ఖాళీలుగా ఉంది. మామ దాన్ని చూసి మొదటిసారి నవ్వాడు. "దొరసానమ్మ సాలు" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ మొలకలు చూసుకుని, ఇక వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళేరోజు మా అవ్వ మూటనిండా ఊరిమిండి కట్టిచ్చింది. దొరసాని ఈసారి థాంక్స్ అనలేదు. ఊరకే తీసుకుంది. అవ్వ అప్పుడు ఏడ్చింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆ ఉలవలు తిండికి కూడా సరిగా చాలలేదు. చలి తగ్గాక మద్దిలేటి మామ ఎద్దుల్ని ఒకరి దగ్గర వదిలి, ఈరమ్మత్తతో కలిసి కడప వైపు బండల గనులకు పనికి పోయాడు. మళ్ళీ తొలకరికి గానీ రాలేదు. వచ్చేసరికి మనిషి సగమయ్యాడు, ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. దొరసాని గురించి మంచీ అనలేదు, చెడూ అనలేదు. ఇన్నేళ్ళలో నేను సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా పలకరిస్తాడు, నా ఉద్యోగం గురించి అడుగుతాడు. ఆమె మాట మాత్రం ఎత్తడు. ఆమె మీద లోపల ఏం పెట్టుకున్నాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కబురు తెలిసిన తర్వాతి ఆదివారం బస్సెక్కి మా ఊరికి వెళ్ళాను. ముందు అవ్వకు చెప్పాను. అవ్వకు ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. రెండుసార్లు చెప్పించుకుని, "ఆయమ్మకు కొరివి ఎవురు పెట్టిరి?" అంది.

"వాళ్ళు పూడుస్తారవ్వా."

"పూడ్చినా గుప్పెడు మన్నేసేటోళ్ళు ఉండాల గదా. పిల్లా జెల్లా లేకపాయె." అవ్వ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నాకు ఆ మన్ను ఎవరు వేశారో తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఇక మిగిలింది మద్దిలేటి మామ. రెండు రోజుల ముందే వాన పడింది, ఊరంతా చేలల్లోనే ఉంది. పదునులో విత్తనం మీద ఉన్న మనిషి దగ్గరకు చావు కబురుతో పోవచ్చా అని గట్టుదాకా పోయి ఆగాను. పైగా ఆయన ఏమంటాడో అని భయం. పోతే పోనీలే అని ఆయన అంటే నేను తట్టుకోలేను. అయ్యో అన్నా నమ్మలేను. ఆయన గొర్రు పట్టుకుని నా వైపే వస్తున్నాడు, వెనక ఈరమ్మత్త ఒడిలో కొర్రలతో నడుస్తోంది. సాలు తిరిగేదాకా ఆగుదామనుకున్నాను గానీ, దగ్గరకు రాగానే నోట్లోంచి వచ్చేసింది.

"మామా, దొరసాని పోయిందంట."

ఆయన గొర్రు ఆపకుండానే, "యాడికి?" అన్నాడు.

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. "చనిపోయింది మామా. వాళ్ళ దేశంలో."

గొర్రు ఆగింది. ఈరమ్మత్త గింజలు విడిచే చెయ్యి జడ్డిగం మీద అట్లాగే ఉండిపోయింది.  తర్వాత మామ ముందుకు పోయి, ఎద్దుల మెడ కింద పట్టెడలు విప్పడం మొదలుపెట్టాడు.

మా వైపు ఆసామి పదునులో కాడి విప్పడు. సొంత మేనమామ పోయాడన్నా, పట్టిన సాలు గట్టుకు చేర్చి అప్పుడు విప్పుతాడు. ఈయన చేని నడుమ, సగం సాలులో విప్పుతున్నాడు.

"ఏం చేస్తాండావు?" అంది ఈరమ్మత్త. "పదునుండాది."

"తెలుసు."

"రేపటికి ఉంటాదా?"

ఆయన కాడి ఎత్తి నేలమీద పెట్టాడు. తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, గట్టుమీదకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఈరమ్మత్త ఒడిలో గింజలు సంచిలో పోసి, వచ్చి ఆయనకు అటుపక్క కూర్చుంది. "ఎట్ల జరిగె పాపా?" అని అడిగింది. నేను చెప్పాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను.

పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. చుట్టూ అన్ని చేలల్లోనూ గొర్రులు నడుస్తున్నాయి. మామ ఎద్దులకు మెడ మీద కాడి లేదు, ఇంటికి పోయే వేళా కాదు. ఏం చేయాలో తెలియక అవి రెండూ సగం సాలులో ఒకదాని పక్కన ఒకటి అట్లాగే నిలబడి మా వైపు చూస్తున్నాయి.